కుస్తీ వీరునికి అప్పులెందుకు?



టీవీలో అమెరికా కుస్తీ వీరులను చూసి మన పిల్లలు వారంతా కోటీశ్వరులనుకుంటారు. కాని వారిలో పలువురు అప్పులపాలయ్యారు. కారణం దుబారా ఒక్కటేనా? కాదు.

మొదటిది ఒప్పందం. డబ్ల్యు.డబ్ల్యు.ఈ. వారిని ఉద్యోగులుగా గాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా రాసుకుంటుంది. కనుక పన్ను ముందే కోయరు. ఉద్యోగికైతే యజమాని సగం భరించే సామాజిక భద్రతా పన్నులు, ఒక పరిమితి వరకు 15.3 శాతం, పూర్తిగా వారే కట్టాలి. ఆదాయపు పన్ను వేరు. చేతికొచ్చినదంతా తమదే అనుకున్నవారికి బాకీ మిగులుతుంది.

రెండవది దారి ఖర్చు. అద్దెకారు, బస, భోజనం చాలామంది సొంతంగానే భరించారు.

మూడవది, శరీరమే పెట్టుబడి. దెబ్బ తగిలితే రాబడి తగ్గుతుంది, ఇంటి ఖర్చు తగ్గదు. 1986లో జెస్సీ వెంచురా సంఘం పెట్టుకుందామన్నాడు. అది సాగలేదు.

బాక్సింగు విజేత జో లూయిస్ 1942లో రెండు పోటీల సొమ్ము సైనిక సహాయ నిధులకిచ్చాడు. అంతటి దాత కూడా పన్ను బాకీలు పెరిగి 1956లో కుస్తీ బరిలో దిగి, అక్కడా గాయపడ్డాడు. మంచితనం లెక్కకు బదులు కాదు.

మన ఇళ్లలోనూ మేస్త్రీలు, డ్రైవర్లు, కాంట్రాక్టు పనివారు ఉన్నారు. కూలి అందిన రోజే జబ్బుకు, పనిలేని నెలలకు కొంత పక్కన పెట్టండి. ఆ లెక్క భార్యాభర్తలిద్దరికీ తెలియాలి.