గాలపు దారమునకు బలమెంత?

1981లో శ్రీశైల జలాశయమున మునిగిన సంగమేశ్వర ప్రాంతమున నీటి యడుగున మొండిగోడలును ఱాళ్లును గలవు. అచట గాలము వేయు రైతు సోదరులు అల్లిక దారమును గొనునపుడు దీనిని మఱవరాదు. ఆ దారము సాగదు. సన్ననిదయ్యు మిక్కిలి బరువు నోర్చును. కాని ఱాతి యంచునకుఁ దగిలినఁ బోఁగుపోఁగుగఁ దెగును.

కండెపై 20 పౌనులనఁగా సుమారు 9 కిలోలు. ముడి వైచినచోట నంత బలము నిలువదు. కొక్కెము కట్టి, దానికి బక్కెట తగిలించి, కొలిచి నీరు పోయుఁడు. లీటరు నీరు కిలో తూఁగును. తెగునప్పటి మొత్తము బరువే నిజబలము.

అతిబలమైనది కొనుటయుఁ దెలివి కాదు. కొక్కెము గోడకుఁ జిక్కినచో గాలపు కఱ్ఱ విఱుగును. చేతికిఁ జుట్టి లాగినచో వ్రేళ్లు కోసికొనిపోవును. కొక్కెమువైపున, అల్లికకంటెఁ దక్కువ బలముగల నైలాను దారమును బారెడు చేర్చుఁడు. చిక్కినపు డదియే తెగును. తక్కినది చేతికి వచ్చును.