తోటి కాపరులపైన కాపరి

(పెద్దల తరగతి పాఠము. చదువవలసిన భాగములు: అపొ. కార్య. 20:17-38, 1 పేతురు 5:1-4)

మన బాప్టిస్టు సంఘములలో బిషప్పు లేడు. ప్రతి సంఘము తన కాపరిని తానే పిలుచుకొనును. అసోసియేషను అధ్యక్షుడు సలహా చెప్పగలడు గాని ఆజ్ఞ ఇయ్యలేడు. ఆంగ్లికను సంఘములో ఏర్పాటు వేరు. అక్కడ ఒక గురువు బిషప్పుగా అభిషేకింపబడినప్పుడు, నిన్నటివరకు తనతో సమానముగా పనిచేసిన గురువులు ఆయన అధికారము క్రిందికి వచ్చెదరు. ఈ పద్ధతి మనది కాదు. అయినను అందులో కలుగు చిక్కు మనకు క్రొత్తది కాదు గనుక, దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి చరిత్రను ఈ పాఠమునకు తీసికొనుచున్నాము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై గ్రామములో ఒక తమిళ గురువు ఇంట పుట్టిరి. 1895 నుండి వై.ఎం.సి.ఏ.లో పనిచేసిరి. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులతో సువార్త పంపుటకు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు దానికి ముఖ్య కారకులలో వీరొకరు. ఆ సొసైటీకి దొరికిన పొలము నిజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. ఇతరులను పొమ్మని చెప్పి తాను ఉండిపోవుట సరికాదని తలంచి, 1909లో అభిషేకము పొంది తానే దోర్నకల్ చేరిరి, తెలుగు నేర్చుకొనిరి.

హుబ్లీలోనో, షోలాపూరులోనో, బరంపురములోనో స్థిరపడిన మనకు దీని విలువ తెలియును. ఇంటిలో ఒక భాష, బజారులో ఒక భాష. పనికి వచ్చినవానికి ఆ ఊరి భాష నేర్వక తప్పదు. కాని పైవాడుగా నిలువబోవువాడు మాలపల్లెలో, మాదిగపల్లెలో కూర్చుండి వారి మాట నేర్చుకొనుట వేరు సంగతి.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన లోక మిషనరీ మహాసభలో ఆయన నిర్మొహమాటముగా మాటలాడిరి. విదేశ మిషనరీలు ఎంతో ఇచ్చిరి, ఎంతో త్యాగము చేసిరి, కాని భారతీయ సేవకులతో స్నేహము చేయలేదని ఆ మాటల సారము. అవి కొందరికి గట్టిగానే గ్రుచ్చుకొన్నవి.

ఇంతలో మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు అజరయ్యగారిని బిషప్పుగా చేయవలెనని పట్టుబట్టిరి. భారతీయుని చేతిక్రింద పనిచేయుటకు మిషనరీలలో పలువురికి ఇష్టము లేదు. విచిత్రమేమనగా తిరునెల్వేలిలోని మన దేశస్థులలో కూడ ఎదిరించినవారుండిరి. తుదకు 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘములో ఆయన మొదటి భారతీయ బిషప్పు. దీనిని గొప్ప జయముగా చెప్పుకొందుము గాని, ఆనాడు ఆయనకప్పగించిన డయోసిస్ చాల చిన్నది. బిరుదు పెద్దది, నమ్మకము చిన్నది.

ట్రైనింగ్ స్కూలులో మాకొక మాట చెప్పెడివారు: ఒక బడిలోని ఉపాధ్యాయుని అదే బడికి హెడ్మాస్టరుగా వేసినయెడల, మొదటి ఏడాది కష్టము పిల్లలతో కాదు, స్టాఫు రూములోనే. అజరయ్యగారికి ఆ మొదటి ఏడాది చాల సంవత్సరములు సాగినది.

ఆయన ఏమి చేసిరి? తన అధికారమును గూర్చి వాదించుచు కూర్చుండలేదు. ఎడ్లబండి మీద గ్రామములు తిరిగిరి. దూరపు కళాశాలలనుండి గురువులు వచ్చువరకు ఆగక, పల్లె మనుష్యులనే ఉపాధ్యాయులుగాను గురువులుగాను తరిఫీదు చేయించిరి. బాప్తిస్మము పొందినవారు తల మీద చేయి పెట్టుకొని, సువార్త చెప్పుదుమని పౌలువలె మాట ఇచ్చునట్లు చేసిరి. బాప్తిస్మ విధానములో ఆయనకును మనకును భేదమున్నది గాని, ఆ ప్రమాణము మాత్రము మనవారికి అక్కరలేనిదని నేననుకొనను. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కెథీడ్రల్‌ను చూచినవారు అందులో గుడి పోలికను, మసీదు పోలికను కూడ గుర్తుపట్టుదురు.

1920 తరువాతి కాలమునకు బందరు వైపు చర్చి మిషనరీ సొసైటీవారి పొలములును ఆయన డయోసిస్‌లో చేరినవి. అక్కడి ఐరోపా మిషనరీలు కూడ ఆయన అధికారము క్రిందికి వచ్చిరి. 1935లో ఏ.బి. ఇలియట్ అను ఐరోపా గురువు ఆయనకు సహాయ బిషప్పుగా నియమింపబడెను. 1912లో జరుగరానిదనుకొన్నది ఇరువది మూడేండ్లకు మామూలు విషయమాయెను. 1945 జనవరి 1న అజరయ్యగారు ప్రభువునందు నిద్రించిరి. 1919లో తరంగంబాడి సమావేశము నుండి ఆయన కోరుకొన్న సంఘైక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. మన బాప్టిస్టులు అందులో చేరలేదు. దాని కారణములు మరియొక పాఠమునకు ఉంచుదము.

ఇప్పుడు లేఖనమునకు వత్తము. అపొ. కార్య. 20:17లో పౌలు పిలిపించినది ఎఫెసు సంఘపు పెద్దలను. 28వ వచనములో వారినే అధ్యక్షులని అనుచున్నాడు. పెద్ద, అధ్యక్షుడు అనునవి ఒక్క పనికే రెండు పేర్లని మనవారు చెప్పుటకు ఇదే ఆధారము. పౌలు వారి యెదుట తన పదవిని చూపలేదు. వారి మధ్య తాను ఎట్లు బ్రదికెనో, ఎంత కన్నీరు కార్చెనో, తన చేతులతో ఎట్లు పనిచేసెనో జ్ఞాపకము చేసెను. పేతురు కూడ పెద్దలకు వ్రాయుచు తన్ను తోటి పెద్దనని చెప్పుకొనెను. బిషప్పులు లేరని చెప్పుకొను మనలో, అసోసియేషను కుర్చీ కొరకు కక్షలు కట్టి, ఓడినవారు మరుసటి కూటమునకే రాకపోవుట చూచుచున్నాము. చేతులెత్తి ఎన్నుకొన్నంత మాత్రమున లోబడుట అలవడదు.

తరగతిలో చర్చించుటకు: 1912లో అజరయ్యగారిని ఎదిరించిన మిషనరీల స్థానములో మనముండినయెడల ఏ కారణము చెప్పియుందుము? మన అసోసియేషనులో తెలుగు సరిగా రాని, ఇక్కడనే పుట్టి కన్నడములోనో తమిళములోనో ఒరియాలోనో చదువుకొన్న యౌవన కాపరి అధ్యక్షుడుగా ఎన్నికైనయెడల, పెద్ద సంఘముల పాత కాపరులు అతని ఉత్తరమునకు జవాబు వ్రాయుదురా? అతడు మన యిండ్లకు వచ్చి మన మాట నేర్చుకొనుటకు మనమెన్ని ఏండ్లు ఓర్చుకొనగలము?