మందు జాడ తెలుపు డి.ఎన్.ఏ. పోగు

పలమనేరు, పుంగనూరు ప్రాంతములలో కోసిన టమోటా మదనపల్లె మార్కెట్టు చేరి, ఒకటి రెండు దినములలోనే దూరపు పట్టణములలో అమ్ముడుపోవుచున్నది. దానిపై పురుగుమందు ఎంత మిగిలినదో నిశ్చయముగా తెలుపునది క్రొమటోగ్రాఫు యంత్రము. నమూనాను ప్రయోగశాలకు పంపి ఫలితము తెప్పించుకొనునప్పటికి, తినువారు తినుటయు ముగియును. ఈ ఆలస్యమును తగ్గించుటకే బయోసెన్సారులు, అనగా జీవపదార్థముతో పనిచేయు పరీక్షాసాధనములు, రూపొందుచున్నవి.

డి.ఎన్.ఏ. తల్లిదండ్రుల పోలికలను బిడ్డల కందించు పదార్థమని సభ్యులు వినియేయుందురు. ఇచ్చట దానికి ఆ పని లేదు. ప్రయోగశాలలో కూర్చిన పొట్టి ఒంటిపోగు మడతపడి, ఒరలో కత్తివలె, తనకు సరిపడు పదార్థమును ఇముడ్చుకొనును. దీనిని ఆప్టమర్ అందురు. కోట్లకొలది పోగులనుండి ఇట్టివానిని ఏరు పద్ధతి 1990లో అమెరికాలో వెలువడినది.

బెండ, మిరప తోటలలో చల్లు ఎసిటామిప్రిడ్ అను మందును పట్టు పోగు ఇట్లే లభించినది. పరీక్షావిధానము వినసొంపైనది. మిక్కిలి సూక్ష్మమైన బంగారు రేణువులు నీటిలో ఎర్రగా కనబడును. వానిని డి.ఎన్.ఏ. పోగులు అంటిపెట్టుకొనియున్నంతవరకు ఉప్పు వేసినను ఆ ఎరుపు మారదు. మందు తగిలినచో పోగులు బంగారమును విడిచి మందును పట్టుకొనును; అప్పుడు ఉప్పునకు రేణువులు గుమిగూడి నీరు నీలమగును.

అయితే ఒక పోగు ఒక మందునే యెరుగును. నీరు నీలము కాలేదని కాయలో ఏ విషమును లేదనుకొనరాదు. కాయరసములోని పులుపు, లవణములు కూడ రంగును తారుమారు చేయవచ్చును. పైగా ప్రత్యేక పరిమితి లేని మందులకు కూరగాయలలో అనుమతించిన మోతాదు కిలోకు 0.01 మిల్లీగ్రాము, అనగా వేయి టన్నులలో పది గ్రాములు! అందుచేత ఇట్టి పరీక్షలలో అధికభాగము ఇంకను ప్రయోగశాల దశలోనే యున్నవి.

విషము సంగతి తేలికగా తీసికొనదగినది కాదు. 2013లో బీహారులోని గండామన్ గ్రామమున బడి భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కనుగొనబడెను. కూరగాయలపై ఆ మందు వాడకమును మన ప్రభుత్వము 2005లోనే నిషేధించియుండెను.

మందు డబ్బాపై, చల్లిన పిమ్మట కోతకు ఎన్ని దినములు ఆగవలెనో వ్రాసియుండును. పంచాయతీవారు ఆ గడువును చదువరాని రైతులకు చదివి చెప్పించవచ్చును. మందు పేరు, చల్లిన తేది చీటీపై వ్రాసియుంచినచో, రేపు ఈ పరీక్ష గ్రామమునకు వచ్చిననాడు ఏ పోగుతో పరీక్షించవలెనో ఆ చీటీయే తెలుపును.