సందర్శక వీసా - అమెరికాలోని బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులకు

పూర్వము కుమార్తెను చూడబోవు తల్లి సారె సర్దుకొని, బండి కట్టించుకొని తెల్లవారుజామున బయలుదేరెడిది. నేడు కృష్ణా, గుంటూరు, గోదావరి, కరీంనగరు ప్రాంతముల గ్రామములలో ఎందరి బిడ్డలో అమెరికాలో నివసించుచున్నారు. కుమార్తెకు నెలలు నిండు వేళకు తల్లి దగ్గర నుండవలెనన్నచో బండి కట్టినంత మాత్రమున పని జరుగదు. ఇచ్చటి ప్రభుత్వము నుండి ఒక పత్రము, అచ్చటి ప్రభుత్వము నుండి మరియొక పత్రము కావలెను. మొదటిది పాస్‌పోర్టు, రెండవది వీసా. ఈ రెండింటిని ఒకటిగా తలచువారు నేటికిని కలరు. పాస్‌పోర్టు మీరెవరో తెలుపును; వీసా ఆ దేశపు గడప వరకు వచ్చుటకు అనుమతి మాత్రమే. లోనికి రానిచ్చుట, ఎన్ని దినములు ఉండనిచ్చుట అచ్చటి విమానాశ్రయములోని అధికారి నిర్ణయము.

ముప్పది ఆరు పుటల సాధారణ పాస్‌పోర్టునకు రుసుము 1,500 రూపాయలు. అరువది ఏండ్లు దాటినవారికి అందులో పదవ వంతు తగ్గింపు కలదు. పెద్దవారికి అది పదేండ్లు చెల్లును. 2017 నుండి పలు ప్రధాన తపాలా కార్యాలయములలోను ఈ దరఖాస్తులను స్వీకరించుచున్నారు గనుక ప్రతివారును మహానగరమునకు పోనక్కరలేదు.

ఇచ్చట ఒక చిక్కు గలదు. అది మన తెలుగువారికి ప్రత్యేకమైనది. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. పలు కాగితములలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరముగా మాత్రమే కనబడును. ఆధారు కార్డులో ఒక వర్ణక్రమము, పట్టాదారు పాసు పుస్తకములో వేరొకటి, బ్యాంకు ఖాతాలో మరియొకటి. స్త్రీల విషయమున పుట్టింటి పేరొకచోట, మెట్టినింటి పేరొకచోట. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా నున్నచో, అమెరికా వీసా పత్రములో అసలు పేరే ఇంటిపేరు గడిలోనికి పోయి, పేరు గడిలో ఎఫ్.ఎన్.యు. అను మూడక్షరములు పడును. పేరు తెలియదని దాని భావము. అరువదేండ్లు సుబ్బమ్మగా బ్రతికిన ఇల్లాలికి ఇది వింతగా తోచుటలో ఆశ్చర్యము లేదు. కనుక పాస్‌పోర్టు తీసికొనునాడే ఇంటిపేరును పూర్తిగా వ్రాయించుకొనుట మేలు.

పాస్‌పోర్టు చేతికి వచ్చిన పిదప డి.ఎస్.160 అను దరఖాస్తును కంప్యూటరులో నింపవలెను. ఇరువది నిమిషములు ఊరకుండినచో పుట మూసికొనిపోవును; కావున నింపినది నింపినట్లు భద్రపరచుచుండవలెను. పిమ్మట రుసుము చెల్లించవలెను. 2023 జూన్ నుండి ఇది 185 డాలర్లు. వీసా వచ్చినను రాకున్నను ఈ సొమ్ము తిరిగి రాదు. తరువాత రెండు దినములు కేటాయింతురు: ఒకనాడు పది వ్రేళ్ల ముద్రలు, ఛాయాచిత్రము, మరొకనాడు కాన్సులేటులో అధికారితో ముఖాముఖి. ఈ దినములు ఒక్కొక్కప్పుడు నెలల తరబడి దొరకవు. ప్రసవపు నెల వచ్చిన పిదప తొందరపడిన ఫలము లేదు. 2008లో హైదరాబాదులో కాన్సులేటు వెలసినది. అంతకు పూర్వము మనవారు చెన్నపట్టణము పోవలసియుండెను. ఆ కార్యాలయము 2023 మార్చిలో బేగంపేట నుండి నానక్‌రామ్‌గూడకు మారినది. ఎనుబదేండ్ల వారికి కొంతకాలము ముఖాముఖి నుండి మినహాయింపు ఉండెడిది గాని, 2025 సెప్టెంబరు నుండి వారును సాధారణముగా స్వయముగా రావలసియున్నది.

ముఖాముఖి యనగానే మనవారికి గుండె దడ. అచ్చట తెలుగున మాటలాడవచ్చును. దినము కోరుకొనునప్పుడే భాషను తెలుపవలెను. రానటువంటి ఆంగ్లమున తడబడుటకన్న వచ్చిన తెలుగున సూటిగా చెప్పుట నూరు రెట్లు మేలు. సాధారణముగా అది కొద్ది నిమిషములలో ముగియును. ఎందుకు పోవుచున్నారు? అచ్చట ఎవరున్నారు, ఏమి పని చేయుచున్నారు? ఎన్నాళ్లుందురు? ఖర్చు ఎవరిది? ఇచ్చట మీకేమి కలదు? ఇట్టివే ప్రశ్నలు. అల్లుడు పనిచేయు సంస్థ పేరు, వారుండు ఊరి పేరు తెలియక నీళ్లు నమలువారు ఎందరో కలరు. అడిగినదానికి జవాబు చెప్పుటకు మారు వంశవృక్షమంతయు విప్పువారును కలరు. రెండును పనికిరావు.

ఈ ప్రశ్నల వెనుక నున్న చట్టమును తెలిసికొన్నచో భయము సగము తగ్గును. 1952 నాటి అమెరికా వలస చట్టము ప్రకారము, సందర్శకుడుగా వీసా కోరు ప్రతివాడును అచ్చటనే స్థిరపడ దలచినాడని అధికారి ముందుగా భావించవలెను. కాదని చూపవలసిన భారము మనది. కావున ఆ కిటికీ వెనుక నున్నవాడు మిమ్ము అవమానించుట లేదు. తిరిగి రావలసిన కారణము మీకు కలదా యని చూచుచున్నాడు. సాగులో నున్న పొలము, పాడి, ఇంటివద్ద నున్న వృద్ధురాలైన తల్లి, మరొక కుమారుని కుటుంబము, పింఛను - ఇవియే ఆ కారణములు. "నాట్లు ముగిసినవి, కోతలకు తిరిగి వత్తుము, అంతదాక పొలము తమ్ముడు చూచుకొనును" అని రైతు తన జీవితమును ఉన్నదున్నట్లు చెప్పిన చాలును. పాసు పుస్తకము, బ్యాంకు లెక్కలు వెంట నుంచుకొనుడు, అడిగిననే చూపుడు. తరచుగా వానిని చూడనే చూడరు. కుమారుడు పంపిన ఆహ్వాన లేఖ ఉండిన మంచిదే గాని, అది లేనిదే వీసా రాదనుట సరికాదు.

దళారుల బోధ వేరుగా నుండును. కుమార్తె అచ్చట నున్నదని చెప్పవద్దు, విహారమునకని చెప్పుమందురు. ఖాతాలో నాలుగు దినములకు అప్పు సొమ్ము వేయించి చూపుమందురు. లేని వ్యాపారమునకు కాగితములు పుట్టింతురు. దరఖాస్తులో అమెరికాలోని దగ్గర బంధువులను గూర్చి ప్రత్యేకముగ ప్రశ్నయే కలదు. పత్రమును మరొకరు నింపినను, అందలి మాటలన్నియు నిజమని అంగీకరించువారు మీరే. వీసా కొరకు బుద్ధిపూర్వకముగా అబద్ధమాడినట్లు తేలినచో ఆ దేశపు ద్వారము జీవితాంతము మూసికొనవచ్చును. సత్యము చెప్పి వీసా పొందనివాడు మరల రుసుము కట్టి దరఖాస్తు చేసికొనవచ్చును; దానికి అడ్డు లేదు. మనుమని మొదటి పుట్టిన రోజుకైనను వెళ్లగలడు. అబద్ధము చెప్పి పట్టుబడినవానికి ఆ ఆశయు కష్టమే.

గల్ఫు దేశముల విషయమున సందర్శక వీసా మరియొక రీతిని మోసమునకు సాధనమగుచున్నది. పని ఇప్పింతుమని సొమ్ము గుంజి, చేతిలో సందర్శక వీసా పెట్టి విమానమెక్కించుచున్నారు. పదవ తరగతి లేనివారు పనికై గల్ఫు దేశములకు పోవునపుడు వలస అనుమతి తీసికొనవలెను. దానిని తప్పించుటకే ఈ ఎత్తు. 1983 నాటి వలస చట్టము క్రింద నమోదు గాని వానికి ఉద్యోగములకు మనుష్యులను పంపు అధికారము లేదు. నమోదైనవాడును పన్ను గాక ముప్పది వేల రూపాయలకు మించి పుచ్చుకొనరాదు. సందర్శక వీసాతో పోయినవానికి కూలి ఒప్పందము లేదు, బీమా లేదు. గడువు దాటినచో దుబాయి మొదలగు చోట్ల దినమునకు యాబది దిర్హముల జరిమానా పెరుగుచుండును. ఇంటివద్ద అప్పునకు వడ్డీ, అచ్చట జరిమానా! ఇట్లు చిక్కుకొనిన కుటుంబములు తెలంగాణములోను, కడప జిల్లాలోను తక్కువేమి కావు.

మరల అమెరికాకు వత్తము. మాగాయ, కందిపొడి తీసికొనిపోవచ్చును. మాంసపు పచ్చళ్లు, పచ్చి మామిడి, పచ్చి కరివేపాకు, విత్తనములు వలదు. ఏది తీసికొనిపోయినను అడిగినపుడు దాచక చెప్పవలెను. అచ్చటి వైద్యము మిక్కిలి ఖరీదు. ప్రయాణపు బీమా తీసికొనుడు. పూర్వము నుండి యున్న జబ్బులకు అది సాధారణముగా వర్తింపదు గాన, మధుమేహము, రక్తపోటు మందులను వైద్యుని చీటీతో సరిపడినన్ని వెంట నుంచుకొనుడు.

చాలమందిని ముంచునది కడపటి పొరపాటు. వీసా మీద పదేండ్ల గడువు కనబడును. దానిని చూచి పదేండ్లు ఉండవచ్చునని తలచువారు కలరు. ఉండదగిన గడువు వేరు. దిగిననాడు అధికారి వ్రాయు ఐ-94 అను నమోదులో ఆ తేదీ యుండును. సామాన్యముగా ఆరు నెలలు. దానికి నూట ఎనుబది దినములు మించి దాటి యుండి తిరిగివచ్చినవానికి మూడేండ్లు, ఏడాదియో ఆ పైనో యున్నవానికి పదేండ్లు ప్రవేశము లేదు. శిశువు ఆరోగ్యము బాగులేకనో, మరే కారణముననో ఇంక కొంతకాలము ఉండవలసివచ్చినచో, ఆ తేదీ గడచునంతకు ముందే ఐ-539 అను దరఖాస్తు పెట్టుకొనవలెను. విమానము దిగిన వారములోనే ఆ తేదీని అల్లునిచేత గాని కోడలిచేత గాని కంప్యూటరులో చూపించుకొని, ఇంటిగోడనున్న క్యాలెండరుపై గుర్తు పెట్టించుడు.