పీసీ సొంతంగా బిల్డ్ చేసుకోవాలా? ముందు ఈ 3 ప్రశ్నలకు జవాబు చెప్పండి

"సొంతంగా బిల్డ్ చేస్తే ఎంత మిగులుతుంది?" అని చాలామంది అడుగుతుంటారు. నేనైతే డబ్బు లెక్కని చివర్లో పెడతాను. ఎందుకంటే రేటు ఈ వారం ఒకలా, వచ్చే నెల ఇంకోలా ఉంటుంది. పీసీతో మాత్రం ఐదారేళ్లు గడపాలి.

1. పీసీ ఆన్ కాకపోతే ఎవరు చూస్తారు?

బ్రాండెడ్ డెస్క్‌టాప్ అయితే ఒక్క ఫోన్ కాల్ చాలు. కానీ వారంటీ చాలావరకు ఏడాదే. సొంత బిల్డ్‌లో వారంటీ ఎక్కువ: బాక్స్‌తో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు సాధారణంగా 3 ఏళ్లు, మంచి పవర్ సప్లైలకు 5 నుంచి 10 ఏళ్లు. అయితే ఒక్కో పార్టుకి ఒక్కో కంపెనీ. పోయింది ర్యామా, మదర్‌బోర్డా అని తేల్చాల్సింది మీరే. ర్యామ్ స్టిక్స్ ఒక్కొక్కటిగా తీసి చూడటం, బోర్డు మీద ఏ ఎల్‌ఈడీ వెలుగుతోందో గమనించడం... ఇలాంటి పనంటే సరదా ఉంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

2. తర్వాత అప్‌గ్రేడ్ చేస్తారా?

సొంత బిల్డ్ అసలు లాభం ఇక్కడే. 2017లో ఏఎం4 బోర్డు కొన్న చాలామంది, బయోస్ అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకోగలిగారు. అన్ని సాకెట్లూ ఇలా ఉండవు. ఇంటెల్ 12, 13, 14వ జనరేషన్లకు వాడిన ఎల్‌జీఏ 1700 బోర్డులో, 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ ప్రాసెసర్ పట్టదు. కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో బోర్డు, పవర్ సప్లై వాళ్ల సొంత సైజులో ఉంటాయి కాబట్టి మార్చడం ఇంకా కష్టం. మీరు ఎప్పటికీ క్యాబినెట్ తెరవని టైప్ అయితే ఈ లాభానికి డబ్బు పెట్టడం దండగ.

3. లిస్టులో అన్నీ రాశారా?

పార్ట్స్ లిస్టులో మానిటర్, కీబోర్డు, విండోస్ లైసెన్స్ రాయకుండా "బిల్డ్ చీప్" అనుకోవద్దు. మన దగ్గర యూపీఎస్ కూడా కలపాలి. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లది కాబట్టి సరిపోవచ్చు. అదే 285 వాట్ల ఆర్‌టీఎక్స్ 4070 టీఐ పెట్టి గేమ్ ఆడుతుండగా కరెంటు పోతే, యూపీఎస్ ఉన్నా సిస్టమ్ ఆగిపోయే ప్రమాదం ఉంది.

మరి నా సలహా?

మూడింటికీ "ఓకే" అనుకుంటే ధైర్యంగా బిల్డ్ చేయండి. మొదటి ప్రశ్న దగ్గరే భయమేస్తే మధ్యదారి ఉంది: సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్‌లో పార్ట్స్ మీరే సెలెక్ట్ చేసుకుని, అసెంబ్లీ షాపులో చేయించుకోండి. బిల్లులో ప్రతి పార్టు సీరియల్ నంబర్ రాయించుకోండి. అక్కడే ఆన్ చేసి చూసుకున్నాకే ఇంటికి తీసుకెళ్లండి. హాస్టల్ మారుతూ తిరిగేవాళ్లకి మాత్రం లాప్‌టాపే మేలు. ఇంట్లోవాళ్లు ఇచ్చిన డబ్బు అయినా, మొదటి జీతం అయినా, మీరు నిజంగా వాడుకునే దానికే పెట్టండి.