రాత్రివేళ ఉఱుములవాన: దానిని చూచుట, ఫొటో తీయుట

మన భాషయందు మెఱుపు, ఉఱుము, పిడుగు అని మూడు మాటలు గలవు. కంటికి గోచరించునది మెఱుపు. చెవికి వినవచ్చునది ఉఱుము. నేలను తాకి చెట్టును చీల్చునది పిడుగు. పేర్లు మూడగుటచే వస్తువులును మూడని పలువురు తలంచుచున్నారు. పిడుగనగా మేఘమునుండి రాలిపడు నిప్పుకణిక యని నమ్మువారు నేటికిని లేకపోలేదు. నిజమునకు మేఘములోని విద్యుత్తు ఒక్కమాఱుగా ప్రవహించునపుడు పుట్టెడి వెలుగే మెఱుపు. ఆ ప్రవాహముచే త్రోవలోని గాలి సుమారు 30,000 డిగ్రీలవఱకు వేడెక్కి, ప్రేలినట్లు వ్యాకోచించుటచే పుట్టెడి ధ్వనియే ఉఱుము. ఆ ప్రవాహము నేలవఱకు వచ్చినయెడల దానినే పిడుగందుము. మేఘములలో పుట్టి మేఘములలోనే యణగిపోవు మెఱుపులే యెక్కువ.

వేసవి కడపట మన తీరప్రాంతములలో ఇట్టి వాన అనుకొనని వేళ వచ్చుచుండును. పగలెల్ల నేల కాగుటచే, బంగాళాఖాతమునుండి వచ్చు తేమగాలి వేడెక్కి పైకి లేచి, అపరాహ్ణమునకు గుమ్మటములవంటి మేఘములగును. వాని శిఖరములు 12 కిలోమీటర్ల యెత్తునకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పోవును. ప్రొద్దు గ్రుంకి నేల చల్లారగానే ఇక వాన రాదని మనము డాబామీద పక్కలు వేసికొందుము. కాని దూరమున నెక్కడనో కురిసిన వానచే చల్లబడిన గాలి బరువెక్కి, నేలబారున నలుదిక్కులకు పరుగెత్తుచు, తన యెదుటనున్న వెచ్చని తేమగాలిని పైకి నెట్టును. అచట క్రొత్త మేఘము పుట్టును. అదియు కురియును, దాని చల్లగాలి మఱియొక మేఘమును పుట్టించును. ఇట్లు మధ్యాహ్నము కొండలపై మొదలైన గాలివాన రాత్రికి మన యూరు చేరుట కలదు. వానకు ముందు తటాలున వీచు చల్లని ఈదురుగాలి యీ పరుగెత్తు గాలియే.

మేఘములోనికి విద్యుత్తు ఎట్లు వచ్చినదని విద్యార్థులు తప్పక అడుగుదురు. మేఘపు నడిభాగమున చలి మిక్కుటము. అచట సన్నని మంచు పలుకులును, వానికంటె బరువైన మెత్తని వడగండ్లును ఒకదానితో నొకటి ఒఱసికొనును. ఒఱపిడిలో బరువైనవి సాధారణముగా ఋణవిద్యుత్తును గ్రహించి దిగువకు జాఱును. తేలికపలుకులు ధనవిద్యుత్తుతో మీదికి పోవును. దువ్వెనతో ఎండుతల దువ్వి కాగితపు ముక్కల నెత్తు ఆట యెఱిగినవారి కింతకంటె విప్పి చెప్పనక్కఱలేదు.

పూర్వము చిత్రకారులు మెఱుపును ఱంపపు పండ్లవలె వంకరటింకర గీతగా వ్రాయుచుండిరి. 1882లో ఫిలడెల్ఫియా నగరమున విలియం జెన్నింగ్సు అను నతడు తీసిన ఫొటో ఆ రూపము సత్యము కాదని చూపినది. అందు మెఱుపు ఉపనదులతో కూడిన మహానది పటమువలె కొమ్మలు రెమ్మలుగా విస్తరించియుండెను. పిమ్మట ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు చార్లెస్ వెర్నన్ బాయిస్, సుమారు 1900 ప్రాంతమున, తిరుగుచుండెడి కటకములుగల కెమేరాను కల్పించెను. కటకము కదలుచుండుటచే, ఒకదాని వెనుక నొకటి జరుగు సంగతులు చిత్రములో ఒకదాని ప్రక్క నొకటి పడును. 1930 తరువాతి సంవత్సరములలో దక్షిణాఫ్రికాయందు బేసిల్ షోన్‌లాండ్ ఈ విధమైన కెమేరాతో మెఱుపు నడకను కనిపెట్టెను. మొదట మసక వెలుగొకటి మేఘమునుండి సుమారు 50 మీటర్ల అంగలు వేయుచు, అంగ అంగకు ఆగుచు దిగును. అది నేలను సమీపించినంతనే నేలనుండి పైకి మహాప్రకాశము ఎగబ్రాకును. మన కన్నులను మిఱుమిట్లు గొలుపునది ఈ ఎగబ్రాకు వెలుగే. అదే త్రోవను సామాన్యముగా మూడు నాలుగు మాఱులు ప్రవాహము నడచును. కావుననే మెఱుపు రెపరెపలాడునట్లు తోచును. ఇదంతయు అరసెకనులోపల జరిగిపోవును.

ఇంత స్వల్పకాలపు వస్తువు నెట్లు ఫొటో తీయుట? మెఱుపును చూచి మీట నొక్కుట వ్యర్థము. కన్ను చూచి వ్రేలు కదలునప్పటికి సెకనులో అయిదవ వంతైన గడచును. వాననీరు పట్టదలచినవాడు చినుకు పడిన పిమ్మట బిందె వెదకడు. మబ్బు క్రమ్మగానే చూరుక్రింద బిందె పెట్టును. అటులనే కెమేరా తలుపు, అనగా షట్టరును, ముందుగానే తెఱచి చీకటివైపు త్రిప్పి యుంచవలెను. 10 మొదలు 20 సెకనుల వఱకు తెఱచియుంచి, మూసి, వెంటనే మరల తెఱవవలెను. ఆ వ్యవధిలో మెఱుపు వచ్చినయెడల తానే వచ్చి చిత్రములో పడును. రానియెడల నష్టము లేదు. ఫిలిము ఖరీదుపెట్టి కొనిన దినములలో ఈ మాట అనుటకు వీలులేకుండెను గాని, నేటి డిజిటల్ కెమేరాలలో పనికిరాని చిత్రమును చెఱిపివేయవచ్చును.

ఇందొక సూక్ష్మము కలదు. వీథిదీపము ధారగా కారు నీరువంటిది. బిందె ఎంతసేపుంచిన అంత నిండును. మెఱుపు ఒక్క ఊపున చిమ్మిన నీరువంటిది. బిందెమూతి ఎంత వెడల్పో అంతయే పడును, మఱి యెంతసేపుంచినను పెరుగదు. కావున మెఱుపు మిక్కిలి తెల్లబడినయెడల షట్టరు కాలము తగ్గించుట నిష్ప్రయోజనము. కటకపు ద్వారమును చిన్నది చేయవలెను. ఊరి దీపములవలన ఆకాశము తెల్లవాఱినయెడల కాలమును తగ్గించవలెను. ఐ.ఎస్.ఓ. 100 నుంచి, ద్వారము ఎఫ్ 8తో ఆరంభించి, మెఱుపు దూరమైనపుడు ఎఫ్ 5.6కు మార్చుట మంచి పద్ధతి. దూరపు దీపముపై దృష్టి కుదిర్చి, యంత్రము దానిని తనంతట మార్చకుండునట్లు బిగింపవలెను. కెమేరా ముక్కాలిపై కాని, బరువైన బల్లపై కాని కదలక నిలువవలెను. సెల్‌ఫోను మాత్రమే యున్నవారు వీడియో తీసి, అందలి చిత్రము నొకదానిని వేఱు చేసికొనవచ్చును. అట్టి చిత్రము సగము తెలుపు, సగము నలుపుగా వచ్చినయెడల ఫోను చెడినదని భయపడరాదు. అది వెలుగును వరుస వరుసగా చదువుకొనును గనుక, నడుమ వచ్చిన మెఱుపు కొన్ని వరుసలకే తెలియును.

ఎచ్చట నిలువవలెను? ఫొటో తీయువానికి డాబాను మించిన చోటు లేనట్లే తోచును. ప్రాణమునకు దానికంటె చెడ్డచోటును అరుదు. 2022లో మన దేశమున పిడుగుపాటున 2,887 మంది మృతిచెందినట్లు జాతీయ నేర నమోదుల సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. డాబాపై ముక్కాలిని నిలిపి దానిప్రక్క నిలుచుట తాటితోపులో నిలుచుటకంటె మేలు కాదు. ఇంటిలోపల, మూసిన కిటికీవెనుక నుండియే తీయవలెను. గదిలోని దీప మార్పి, కటకమును అద్దమునకు చేర్చి, చుట్టును నల్లగుడ్డ కప్పినయెడల ప్రతిబింబములు పడవు. కిటికీ ఇనుపచువ్వలను పట్టుకొనరాదు. గోడకు తగిలించి ఛార్జి యగుచున్న ఫోనును ముట్టరాదు. పిడుగు తగిలిన మనిషిని ముట్టినచో మనకును షాకు తగులునను జంకు నిరాధారము. అతని శరీరమున విద్యుత్తు నిలిచియుండదు. ఊపిరి నిలిచినవానికి తత్‌క్షణము గుండెపై నొక్కుచు ఊపిరి యందించి, వైద్యునికై కబురంపినయెడల బ్రతుకుట కలదు.

దూరమును కొలుచుటకు గడియారము చాలును. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు నడచును గనుక, మెఱుపునకును ఉఱుమునకును నడుమ మూడు సెకనులకొక కిలోమీటరు లెక్కింపవలెను. ఉఱుము వినగానే అర్జునుని పది నామములను చెప్పుట మన పల్లెలలో వాడుక. మెఱుపు కనబడినదాదిగా సెకనుకొక నామము చొప్పున చెప్పి, పదియు ముగియు వేళకు ఉఱుము వినబడినయెడల అది మనకు 3.4 కిలోమీటర్ల దూరమున నున్నదన్నమాట. గడియారము లేనివారికి ఇదియొక సాధనము. నడుమ 30 సెకనులకు తక్కువైనయెడల లోనికి పోవలెను. కడపటి ఉఱుము వినిన పిమ్మట అరగంట కాని వెలుపలికి రారాదు. పూణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు సమకూర్చిన ‘దామిని’ అను సాధనము ఫోనులో నున్నయెడల చుట్టుప్రక్కల పడు పిడుగులను గూర్చి ముందుగా హెచ్చరించును.

గడచిన మే నెలలో ఒక రాత్రి 11 గంటలకు మా వసతిగృహమున ఈ లెక్కను పరీక్షించితిమి. గాలి కదలక యుండెను. తలపై నక్షత్రములు స్పష్టముగా నుండెను. వాయవ్యమున మాత్రము నిశ్శబ్దముగా మెఱపు లాడుచుండెను. దీనిని ఎండమెఱపని కొందఱందురు గాని, అట్టి ప్రత్యేకజాతి యేదియు లేదు. రాత్రివేళ నూఱు కిలోమీటర్ల కావలి మెఱుపు సైతము కనబడును, ఉఱుము మాత్రము సుమారు 15 కిలోమీటర్లు దాటి వినబడదు. కొంతసేపటికి తొలి ఉఱుము వినవచ్చినది. నడుమ 42 సెకనులు, అనగా 14 కిలోమీటర్లు. పావుగంటకు అది 24 సెకనులు, అనగా 8 కిలోమీటర్లయ్యెను. పావుగంటలో 6 కిలోమీటర్లు నడచిన వాన గంటకు 24 కిలోమీటర్ల వేగముతో వచ్చుచున్నదని లెక్క తేలినది. కాబట్టి యిక 20 నిమిషములలో మనపైకి రావలెను. అప్పటికే పిల్లలు పరుపులు చుట్టుకొని డాబా దిగిరి. లెక్కకంటె ముందుగనే ఈదురుగాలి కొట్టి రెండు కిటికీతలుపుల అద్దములు పగిలినవి. వాన మాత్రము ఇంచుమించు చెప్పిన వేళకే కురిసినది.

ఉత్తరపు కిటికీనుండి 15 సెకనుల చొప్పున 60 చిత్రములు తీసితిమి. నాల్గింట మాత్రమే మెఱుపు పడినది. మూటియందు కొమ్మలు క్రిందుగా చీలియున్నవి. కొమ్మలు అంగలు వేసిన దిక్కునకే సాగును గనుక, అవి మేఘమునుండి దిగినవని తెలియును. ఎత్తైన గోపురమునుండి పైకి పుట్టిన మెఱుపైనచో కొమ్మలు మీదుగా చీలియుండును. నాలుగవది మిక్కిలి సమీపమున పడినది. దానిని పెద్దదిగా చేసి చూడగా, ఒక్క గీత యనుకొన్నది ప్రక్క ప్రక్కన నున్న మూడు గీతలుగా విడిపోయెను. ఒక ప్రవాహమునకును మఱియొక ప్రవాహమునకును నడుమనున్న అల్పకాలములోనే గాలి ఆ త్రోవను ప్రక్కకు జరిపినది. ఆ వేళ గాలి పడమటినుండి వీచుచున్నట్లు చిత్రము వెనుక వ్రాసికొంటిమి గనుక, ఎడమకొసనున్న గీతయే అన్నిటికంటె ముందు వెలిగినది.