అడవి అంచున పాక వేయాలంటే: అనుమతులపై తరచూ అడిగే ప్రశ్నలు

మిరప కోతలు మొదలైతే ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల చేలగట్ల మీద కూలీల డేరాలు లేస్తాయి. ఎండలు ముదిరేసరికి తునికాకు కల్లాల దగ్గర పందిళ్ళు వెలుస్తాయి. పోడు (అడవి కొట్టి సాగు చేసుకున్న) చేలల్లో మంచెలు, పశువుల కొట్టాలు, రోడ్డు పక్కన రేకుల షెడ్లు ఏడాది పొడవునా ఉంటాయి. వీటన్నిటి దగ్గరా వినిపించే మాట ఒక్కటే: ‘నాలుగు నెలల్లో పీకేసేదే కదా, దీనికీ అనుమతి కావాలా?’

తాత్కాలిక కట్టడానికి అనుమతి అక్కర్లేదంటారు. నిజమేనా?

ఈ ప్రాంతంలో ఆ మాటను నమ్ముకోవద్దు. పైకప్పు తాటాకా, రేకా, స్లాబా అన్నది తర్వాతి సంగతి. ముందు చూసేది అది నిలబడిన నేలను. పట్టా భూమి, ప్రభుత్వ భూమి, రిజర్వు అడవి, పోడు హక్కు పత్రం ఉన్న భూమి: ఒక్కోదానికి ఒక్కో చట్టం ఉంది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నేల చదును చేయడం, కట్టడం వేయడం నేరం. నాలుగు గుంజలు పాతి టార్పాలిన్ కప్పినా అంతే. ఆ నేలను అడవికి సంబంధించని పనికి ఇవ్వాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం ముందస్తు ఆమోదం కావాలి. సర్పంచ్ గానీ తహసీల్దార్ గానీ ఇవ్వగలిగింది కాదు.

ఊళ్ళో నా సొంత పట్టా స్థలంలో రేకుల షెడ్డు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కానీ గ్రామ పంచాయతీ అనుమతితో. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోండి. ‘వేసుకో, నేను చూసుకుంటా’ అన్న నోటిమాట రేపు ఏ కార్యాలయంలోనూ చెల్లదు. కట్టడం పెద్దదైతే టౌన్ ప్లానింగ్ శాఖ సాంకేతిక ఆమోదం కూడా అవసరమవుతుంది.

75 చదరపు గజాల లోపు స్థలానికి అనుమతే అక్కర్లేదనీ, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలనీ విని చాలామంది పొరబడుతున్నారు. అది 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంలోని వెసులుబాటు. ఖమ్మం నగరం లాంటి పట్టణ పాలన ఉన్నచోట్ల అది పనికొస్తుంది. భద్రాచలం ఎంత పెరిగినా గ్రామ పంచాయతీయే, కాబట్టి ఆ వెసులుబాటు అక్కడ చెల్లదు.

అనుమతిని కాగితాల తతంగమని కొట్టిపారేసేవాళ్ళు 2025 మార్చిని గుర్తుచేసుకోవాలి. భద్రాచలంలో కడుతూ ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలి పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పునాదిని, గోడను ఎవరో ఒకరు చూడాల్సిందే.

గిరిజనుడి స్థలం అద్దెకు తీసుకున్నాను. నేను గిరిజనేతరుణ్ణి. హోటల్ పాక వేస్తే తప్పా?

తప్పే. జనం 1/70 చట్టమని పిలిచేది 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణను. దాని ప్రకారం ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో, స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి మారడం చెల్లదు. ఇచ్చేవారు గిరిజనులైనా, గిరిజనేతరులైనా ఒకటే. అమ్మకం మాత్రమే కాదు, కౌలు, తాకట్టు, దానం, మార్పిడి అన్నీ ఆ నిర్వచనంలో ఉన్నాయి. పదకొండు నెలల అద్దె ఒప్పందం రాసుకుంటే బయటపడతామనుకోవడం భ్రమ. ఈ చట్టాన్ని సుప్రీంకోర్టు 1988లో పి.రామిరెడ్డి కేసులో సమర్థించింది.

ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసింది ఆ భూమి అనుభవిస్తున్నవాడే. ‘మా తాత కొన్నాడు’ అనే వాదన ఉంటే తేదీలు చూడాలి. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉంది కాబట్టి అక్కడ 1917 నాటి ఏజెన్సీ చట్టమే ఉండేది. తెలంగాణ ఏజెన్సీకి ఈ రెగ్యులేషన్ 1963 డిసెంబర్ 1 నుంచి వర్తించింది. ఇంటి పన్ను రశీదు, కరెంటు మీటరు, పంచాయతీ అనుమతి ఏవీ యాజమాన్య పత్రాలు కావు. చిన్న వ్యాపారం మీద బతికే గిరిజనేతర కుటుంబాలకు ఇది కష్టంగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ కంచె లేకపోతే కోయ గిరిజనుల చేతిలో సెంటు భూమి మిగిలేది కాదన్నది నా నమ్మకం.

పోడు పట్టా వచ్చింది. ఆ చేలో పశువుల కొట్టం, మంచె, గింజలు దాచే పాక వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. ఈ విషయం గట్టిగా తెలిసి ఉండాలి, ఎందుకంటే అటవీ శాఖ బీట్ ఆఫీసర్ వచ్చి గద్దిస్తే చాలామంది తమ హక్కు తామే వదులుకుంటున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం సాగుకే కాక నివాసానికీ హక్కు ఇచ్చింది. 2012లో సవరించిన నియమాలు మరింత వివరంగా చెప్పాయి: పశువులను ఉంచుకోవడం, తూర్పారబట్టడం, కోత తర్వాతి పనులు, పంట నిల్వ, ఇవన్నీ సాగుకు అనుబంధమైనవే, ఆ భూమి హక్కులో భాగమే.

హద్దులు కూడా అక్కడే ఉన్నాయి. పత్రంలో రాసిన విస్తీర్ణం దాటి ఒక్క గజం పోకూడదు. చట్టం గుర్తించే గరిష్ఠ విస్తీర్ణం నాలుగు హెక్టార్లు. ఆ హక్కు వారసులకు వెళ్తుంది తప్ప అమ్మడానికీ ఇంకొకరికి బదలాయించడానికీ వీల్లేదు. ఇటుక బట్టీకి, సెల్ టవర్‌కు, రిసార్టుకు ఇస్తామంటే హక్కు పత్రం కాపాడదు. భార్యాభర్తలిద్దరి పేర్లూ పత్రంలో ఉండాలి, చూసుకోండి.

ఇందిరమ్మ ఇల్లు మంజూరైందని పోడు భూమిలో పక్కా పునాది తీయబోయేవారికి నా సలహా: ముందు గ్రామసభ తీర్మానం చేయించి, ఐటీడీఏకు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు) రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు చేతికొచ్చాకే గుంత తవ్వండి. సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షల రూపాయలిచ్చే ఆ పథకం 2024 మార్చి 11న భద్రాచలంలోనే మొదలైంది. ఇల్లు సగంలో ఆగితే అప్పు మాత్రం పూర్తిగా మిగులుతుంది.

దరఖాస్తు పెట్టాను, పత్రం రాలేదు. ఈలోగా అధికారులు నా గుడిసె తీసేయొచ్చా?

గుర్తింపు, పరిశీలన ప్రక్రియ పూర్తయ్యేదాకా అడవిలో నివసించే గిరిజనులను, సంప్రదాయ అటవీ నివాసులను వెళ్ళగొట్టకూడదని అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. 60 రోజుల్లో పై కమిటీకి వెళ్ళవచ్చు: గ్రామసభ మీద సబ్ డివిజన్ కమిటీకి, దాని మీద జిల్లా కమిటీకి. తిరస్కరించిన వాళ్ళను ఖాళీ చేయించాలని 2019 ఫిబ్రవరి 13న ఉత్తర్వు ఇచ్చిన సుప్రీంకోర్టే అదే నెల 28న దాన్ని నిలిపివేసింది.

పాత గుడిసె ఉంటే దాన్ని ఆధారంగా చూపండి. ఇళ్ళు, గుడిసెలు, గట్లు, చదును చేసిన నేల, వీటిని భౌతిక సాక్ష్యంగా నియమాలే ఒప్పుకున్నాయి. అయితే గిరిజనులు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ భూమిలో ఉండాలి. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే నివసించి ఉండాలి. నిన్న నరికిన చోట నేడు గుడిసె వేసినవారికి ఈ రక్షణ లేదు.

జేసీబీ వచ్చేసింది. ఏం చేయాలి?

నోటీసు అడగండి. 2024 నవంబర్ 13 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం కూల్చేముందు కనీసం 15 రోజుల గడువుతో షోకాజ్ నోటీసు, వాదన చెప్పుకునే అవకాశం, కారణాలతో ఉత్తర్వు ఉండాలి. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువుల మీద వేసిన అక్రమ కట్టడాలకు, కోర్టే కూల్చమన్నవాటికి ఇది వర్తించదు. గోదావరి ఒడ్డున గుడిసెలున్నవాళ్ళు ఈ మినహాయింపు గమనించాలి. గొడవకు దిగకండి. ఫోటోలు తీయండి, వచ్చినవారి హోదా రాసుకోండి, అదే రోజు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి (పీఓ) అర్జీ ఇవ్వండి.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయ గిరిజనుల గుడిసెల సంగతేమిటి?

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళు వదిలి వచ్చినవారు ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడ 2005కు ముందు సాగు చూపించలేరు కాబట్టి పోడు హక్కు దొరకడం కష్టం. అక్రమంగా నిర్వాసితులైన వారికి పునరావాస హక్కు అటవీ హక్కుల చట్టంలో ఉన్నా అదీ 2005 డిసెంబర్ 13కు ముందు జరిగిన వెళ్ళగొట్టడానికే. చట్టంలో ఇరుక్కుపోయిన ఈ కుటుంబాలకు రెండు రాష్ట్రాలు, కేంద్రం కలిసి చోటు చూపించాలి. అంతవరకు చిన్నపిల్లలున్న గుడిసె పీకి వానలో నిలబెట్టడం పరిష్కారం కాదు.

అడవిలోని గూడేనికి అంగన్‌వాడీ, బడి కట్టుకోవచ్చా?

అవును, ఇక్కడ దారి సులువు. అటవీ హక్కుల చట్టం ప్రకారం బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు, కరెంటు లైను లాంటి 13 రకాల సౌకర్యాలకు ఒక్కోదానికి హెక్టారుకు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి. కేంద్రం దాకా పోనక్కర్లేదు.

మా ఇల్లు భద్రాచలం పక్కనే ఎటపాకలో. అర్జీ ఎవరికి?

ఆంధ్రప్రదేశ్ అధికారులకు. 2014లో పోలవరం ముంపు కోసం ఎటపాకతో పాటు ఇక్కడి కొన్ని మండలాలు అటు వెళ్ళాయి. 1/70 మాత్రం రెండు వైపులా ఉంది. భద్రాచలం పంచాయతీ ఇచ్చిన కాగితం హద్దు రాయి దాటితే పనికిరాదు.